పదకొండో నిమిషం

మా ఆయన పదకొండో నిమిషంలో చచ్చిపోతాడు.
ముందే చెబుతున్నా, సస్పెన్స్ ఏం లేదు.
పోస్టర్ మీద పేరు లేదు, ముఖం లేదు.
చేపల బుట్టల మధ్య, మంచుగడ్డల మీద
వెల్లకిలా పడున్నవాడు, తియోఫిల్ గార్నెక్,
లె హావ్ర్ రేవులో కాఫీ బస్తాలు తూచే గుమాస్తా.

యాభై ఎనిమిది, ఫిబ్రవరి.
సముద్రం మీది పొగమంచు అద్దె కట్టని మనిషిలా
మెట్లెక్కొచ్చి గదుల్లో కూర్చునే కాలం.
పారిస్ నుంచి ఒక కుర్ర దర్శకుడు దిగాడు,
చీకట్లో కూడా నల్లకళ్ళద్దాలు తియ్యడు.
"శవం కావాలి. రోజుకి రెండువేల ఫ్రాంకులు, భోజనం మాది."
రేవంతా ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకుంటుంటే
మా ఆయన అడిగాడట:
"సూపు వేడిగా ఉంటుందా?"

కథంటారా, అదో గోల.
నగల వర్తకుణ్ణి (అంటే మా ఆయన్ని) ఎవరో పొడిచేస్తారు.
ఇన్‌స్పెక్టర్ బల్తజార్ వస్తాడు వానలో,
టోపీ అంచు నుంచి నీళ్ళు కారుతూ.
శవం వంక ఓసారి చూసి అంటాడు:
"నా గొడుగేదీ?"
ఇక సినిమా అంతా అదే దర్యాప్తు.
బార్‌లో పియానో వాయించే విధవరాలినీ,
ఒంటికన్ను మంగలినీ,
కుందేళ్ళు పెంచుకునే తుపాకుల వ్యాపారినీ
దీపం మొహాల మీదకి తిప్పి గొడుగు సంగతి అడుగుతాడు.
బెదిరిపోయి హత్య ఒప్పేసుకుంటారు,
ఒక్క హత్యకి ముగ్గురు.
గొడుగు మాత్రం ఎవరూ ఒప్పుకోరు.

మొదటి ఆట రాత్రి మేం మూడో వరసలో కూర్చున్నాం.
తియోఫిల్ నారింజ తొక్క తీస్తున్నాడు.
తెర మీదకి అతని పాదాలొచ్చాయి, నా అంత ఎత్తు.
బూట్లు లేవు. ఎడమ మేజోడుకి బొటనవేలి దగ్గర
నేను వేసిన రఫ్ఫు.
నల్లదారం అయిపోతే ఆకుపచ్చ దారంతో కుట్టాను,
ఎవడు చూడొచ్చాడులే అని.
ఆ నలుపూ తెలుపుల్లో ఒక ఆకుపచ్చ ఉందని
ఊరంతటికీ నాకొక్కదానికే తెలుసు.
ఏడ్చాను.
పక్కనున్నవాడు నారింజ తొన నా చేతిలో పెట్టి
"ఎవరి కోసమే?" అన్నాడు.

అప్పుడే తుమ్మాడు, తెర మీద.
మంచు మీద మూడు గంటలు పడుకోబెడితే
శవమైనా తుమ్ముతుంది.
మళ్ళీ తీద్దామంటే వెలుతురు చాల్లేదట, డబ్బూ చాల్లేదట,
కుర్రాడు అలాగే ఉంచేశాడు.
ఇన్‌స్పెక్టర్ తొణకలేదు. రుమాలు తీసి
శవం ముక్కు తుడిచి, మడతపెట్టి జేబులో వేసుకున్నాడు.
హాలంతా ఒక్క గొంతుతో అరిచింది:
"నీ కోరికలు తీరా!"
తుమ్మినవాళ్ళతో మేం అనే మాట అది.

చచ్చినవాడి కళ్ళు చారెడంటారు గానీ
నేను కళ్ళు చూడలేదు,
అరవై ఆరు అక్టోబరులో, ఆస్పత్రిలో.
ముక్కుపుటాలు చూస్తూ కూర్చున్నాను.
నర్సు దుప్పటి పైకి లాగబోతే చెయ్యి పట్టుకున్నాను,
"ఆగమ్మా, ఇంకా తుమ్మలేదు."
ఆ పిల్ల బెదిరి డాక్టర్ని పిలుచుకొచ్చింది.
నాకేదో మాత్ర ఇచ్చారు.

పాత సినిమాల క్లబ్బువాళ్ళు ఏడాదికోసారి
ఏదో మంగళవారం వేస్తారు దాన్ని.
కుర్రకారు నీడల గురించీ, సిగరెట్ పొగ గురించీ
గంటలకొద్దీ మాట్లాడుకుంటారు.
నేను పదో నిమిషానికి వెళ్ళి పన్నెండుకి వచ్చేస్తాను.
టికెట్లు చింపే లూసెట్ డబ్బు తీసుకోదు,
"రెండు నిమిషాలకి ఎంతని తీసుకోను!"

మొన్న నా కంటి శుక్లం తీశారు.
కొత్త కళ్ళజోడుతో వెళ్ళాను.
ఇన్నేళ్ళూ మేజోడు చూడ్డమే సరిపోయింది;
ఈసారి దాని పక్కన, మంచుగడ్డల్లోంచి,
వంకీ తిరిగిన కర్రపిడి ఒకటి కనబడింది.
పన్నెండో నిమిషంలో లేవలేదు.
చివర్న ఇన్‌స్పెక్టర్ ఖాళీ రేవులో నిలబడి
చీకటిని అడిగాడు, "ఇంతకీ నా గొడుగు..."
లేచి నిలబడ్డాను.
"మా ఆయన కింద ఉందయ్యా!"

ఎవరో ఉష్ అన్నారు.
ఇన్‌స్పెక్టర్ వినిపించుకోలేదు, తడుస్తూ వెళ్ళిపోయాడు.
బయటా వానే.
నేనూ గొడుగు తేలేదు.